ఏడో జోను

నాచారం,
11 జూన్ 2007

ఉమన్నకు నమస్కారాలు.

మీరు రాజస్థాన్ వెళ్ళి రెండు నెలలైంది. క్యాంపు గేటు దగ్గరే సెల్‌ఫోన్లు తీసేసుకుంటారని, ఆదివారం ఒక్కపూట ఇంటికి మాట్లాడనిస్తారని తారామణి వదిన చెప్పింది. ఆ ఒక్కపూటా మీ వాళ్ళదే కదా, అందుకని ఉత్తరం రాస్తున్నాను. పరీక్ష పేపర్లో "మిత్రునికి లేఖ" రాసిన తర్వాత మళ్ళీ ఇదే. తప్పులుంటే నవ్వుకోండి.

మొదటిసారి ఒక ప్లాను పూర్తిగా నా చేతికిచ్చారు. మీ చిల్కానగర్ వెనక రసాయనాల గోదాము ఉంది చూశారూ, దాని గోడ లోపలివైపు భూమిలో పాతే సెన్సర్ కేబుల్. పద్దెనిమిది వందల మీటర్లు, నూరు మీటర్లకొక జోను. పోయిన సంవత్సరం డ్రమ్ములు పోయాయట. గోడ మీద ముళ్ళతీగ ఉన్నా ఆగలేదు. మేనేజర్ విశ్వనాథం గారు, "డ్రాయింగు నీ పేరు మీదే వెళ్తుందమ్మా, జాగ్రత్త" అన్నారు.

మా అమ్మ అడిగింది, తీగ పాతిపెడితే దొంగ ఎలా దొరుకుతాడే అని. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మీరు పని నేర్పుతూ నాకు చెప్పినట్టే చెప్పాను. జానెడు లోతున రెండు తీగలు పక్కపక్కన పోతాయి, ఒకటి పంపిన తరంగాన్ని రెండోది అందుకుంటుంది, మధ్యలో మనిషి అడుగు పెడితే అది చెదిరి కంట్రోల్ రూములో గంట మోగుతుంది అని. "గోడ కట్టుకుని మళ్ళీ దానికి కాపలానా" అంది.

అసలు ఇబ్బంది వేరే ఉంది. నేల సంగతి గోదాము వాళ్ళకేమీ తెలియదు. బండ ఎక్కడుందో, నీళ్ళెక్కడ నిలుస్తాయో, పాత పైపులెక్కడున్నాయో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. మీరు ఆ గోడ పక్కనే పెరిగారు. తెలిసినంత రాస్తారా?

మీ చెల్లెలు,
చంద్రిక


బార్మేర్ క్యాంపు,
24 జూన్ 2007

చంద్రికమ్మకు,

నోటితో మాట్లాడినట్టు రాస్తే మీ ఆంధ్రావాళ్ళు ఎక్కిరిస్తారని బడి తెలుగులో రాస్తున్నాను. నీకు ప్లాను ఇచ్చారంటే సంతోషం. నువ్వు చేయగలవు.

నేల సంగతి ఆదివారం మా నాయినను ఫోనులో అడిగాను. ఆ గోదాము కట్టకముందు అక్కడ ఆయన నాగలి పట్టాడు, ఆయన కన్నా తెలిసినవాడు లేడు. తూర్పు గోడ పొడుగునా మొరం, తవ్వడం సులువు. ఉత్తరం మూల బండ. ఎనుముల మంద పడుకున్నంత ఉంటుంది, దాని మీద జానెడు మట్టి కూడా లేదు. అక్కడ తీగను గోడకు దూరంగా తిప్పి తీసుకురా. పడమట పాత మోటబావి ఉంది, పూడ్చారు కానీ వానాకాలంలో కుంగుతుంది. దక్షిణం నల్లరేగడి, నాలా పారేది అటే. తడిసినప్పుడు ఒక లెక్క, ఎండినప్పుడు ఒక లెక్క వస్తుంది. బొమ్మ గీసి పెట్టాను, చూడు.

ఇంకో మాట. నాలా పక్కన గోడలో వాన నీళ్ళ కోసం వదిలిన సందు ఉంది. బస్తీలోవాళ్ళు అందులోంచి దూరి గడ్డి కోసుకుపోతారు. ఎన్నో ఏండ్ల నుంచి ఉన్న అలవాటు, పాత గార్డులు ఏమీ అనరు. తీగ పాతిన తర్వాత వాళ్ళ సంగతి ఏం కావాలి? అక్కడ చిన్న గేటు పెట్టి, పొద్దున ఒక గంట తెరిచి, ఆ గంటసేపు ఆ జోను బంద్ పెట్టే ఏర్పాటు ప్లానులోనే రాయి. తర్వాత అడిగితే ఎవరూ చేయరు.

ఇక్కడ ఇసుక. తీగ పాతితే వారంలో గాలికి బయటికొస్తుంది. మళ్ళీ పాతుతున్నాం.

ఉమామహేశ్వర్


నాచారం,
20 ఆగస్టు 2007

ఉమన్నా,

మీ మీద కోపంగా ఉంది. గడ్డి కోసుకుపోయే "బస్తీవాళ్ళు" అంటే ఒక్కరే అని, ఆయన మీ నాన్నగారేనని ఎందుకు రాయలేదు?

నాలా పక్క ఏడో జోను. అక్కడ కందకం తవ్విస్తుంటే సందులోంచి ఒక తెల్లటి తలపాగా లోపలికొచ్చింది. చంకలో గోనెసంచి, చేతిలో కొడవలి. మా కూలీలను చూసి ఆగలేదు, నన్ను చూసి ఆగాడు.

"ఏం బిడ్డా, గీ తీగలేంది? కరెంటా?"

"కరెంటు కాదు తాతా. మనిషి అడుగుపెడితే ఆఫీసులో గంట మోగుతుంది."

"మొన్నటిదాంక ముళ్ళతీగ గోడ మీదుండె. గిప్పుడు మన్నులకొచ్చిందా?" అని కందకంలోకి వంగి చూశాడు. "జర ఎడంగ తవ్వుమను. గా చింతచెట్టు వేర్లు గీడిదాంక వస్తయి."

తవ్వితే నిజంగానే వేర్లు! మా సర్వేలో దొరకలేదు. పేరడిగితే రాజయ్య అన్నాడు. కొడుకు పేరు ఉమామహేశ్వర్ అన్నాడు. ఇప్పుడు రోజూ పొద్దున ఏడింటికి వస్తాడు. గడ్డి కోసుకుని, నాతో టీ తాగి వెళ్తాడు. రెండు ఎనుముల పేర్లూ, వాటి అలకలూ నాకు కంఠతా వచ్చాయి.

గేటు సంగతి ప్లానులో రాశాను. విశ్వనాథం గారు ఎర్ర పెన్నుతో కొట్టేశారు. "గేటు పెట్టేటట్టయితే తీగ ఎందుకమ్మా?" అన్నారు. మళ్ళీ అడుగుతాను.

చంద్రిక


బార్మేర్ క్యాంపు,
9 సెప్టెంబర్ 2007

చంద్రికమ్మా,

నాయిన అని రాస్తే నువ్వు మొహమాటపడతావనుకున్నాను. లేదా నీ రిపోర్టులో ఆయన పేరు ఎక్కుతుందని భయపడ్డాను. రెండూ నిజమే.

హైదరాబాదులో పేలుళ్ళ సంగతి ఇక్కడ టీవీలో చూశాం. ఇకనుంచి ప్రతి గేటు దగ్గరా గట్టిగా ఉంటారు. మీ గోదాములో పాత గార్డులే ఉంటారా, మారుస్తారా? గేటు కాగితం మీద ఒప్పించు. నోటిమాట నమ్మకు.

ఇక నువ్వు అడగబోయే సంగతి, జోను ఎంత సున్నితంగా పెట్టాలన్నది. బలమైన మనిషిని నడిపించి పరీక్ష చేసేవాడు పని దొంగ. లావుపాటి మనిషి ఎలాగూ దొరుకుతాడు. సన్నటి మనిషిని వెతుకు, నెమ్మదిగా అడుగేసేవాడిని. అతను నడిస్తే, వంగితే, పాకితే గంట మోగాలి. కుక్క పోతే మోగకూడదు. ఆ రెండింటి మధ్య గీత పెట్టు. అంతే మన విద్య.

నాయినకు కుడి చెవి వినపడదు. నువ్వు ఎడమ పక్క నిలబడి మాట్లాడు.

ఉమామహేశ్వర్


నాచారం,
16 అక్టోబర్ 2007

ఉమన్నా,

పని ఎక్కువగా ఉంది, రెండు ముక్కలే రాస్తాను. పద్దెనిమిది జోన్లూ పూర్తయ్యాయి. మీరు చెప్పినట్టే సన్నటి మనిషి దొరికాడు, పరీక్షలు బాగా జరిగాయి. ఏడో జోనులో కుక్కలు పోతే గంట మోగడం లేదు, మనిషి పోతే ఒక్కసారి కూడా తప్పడం లేదు. విశ్వనాథం గారు మెచ్చుకున్నారు.

గేటు సంగతి పరిశీలనలో ఉంది. వచ్చే నెల కొత్త సెక్యూరిటీ ఏజెన్సీ వస్తుంది.

తాత బాగున్నాడు.

చంద్రిక


చిల్కానగర్,
2 డిసెంబర్ 2007

చంద్రిక గారికి,

మీరు ఉండేది ఇక్కడికి మూడు కిలోమీటర్ల దూరంలో. వచ్చి అడగవచ్చు. కానీ ఎదురుపడితే నేనేం మాట్లాడతానో నాకే తెలియదు. అందుకే రాస్తున్నాను.

నవంబర్ పద్నాలుగున పొద్దున ఏడుంబావుకు మా నాయినను తుపాకితో కాల్చారు. నేను రెండు రైళ్ళు మారి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆయన ముఖం చూడలేదు. దినాలకు మీరు వచ్చి గల్లీ చివర నిలబడి వెళ్ళిపోయారని తారామణి చెప్పింది. లోపలికి ఎందుకు రాలేదు?

నాకు తెలిసింది ఇది. కంట్రోల్ రూములో ఏడో జోను గంట మోగింది. కొత్త ఏజెన్సీ గార్డుకు వైర్‌లెస్‌లో చెప్పారు. అతను పోయేసరికి నాయిన గడ్డిలో వంగి ఉన్నాడు. "రుకో" అని రెండుసార్లు అరిచాడట. కుడి పక్కనుంచి అరిచి ఉంటాడు. నాయిన లేచి తిరిగాడు, చేతిలో కొడవలి ఉంది. గార్డు డబుల్ బ్యారెల్ పేల్చాడు. తొడలో తగిలింది. దవాఖానాకు తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు.

పోలీసు కాగితంలో "గుర్తు తెలియని దొంగ, మారణాయుధంతో చొరబడ్డాడు" అని ఉంది. అరవై ఏండ్లు ఆ మట్టిలో నడిచినవాడు గుర్తు తెలియని దొంగయ్యాడు.

దానికి ఒక కాగితం జతచేశారు. ఏజెన్సీకి సైటు అప్పగించేటప్పుడు నింపిన షీటు. అందులో "తెలిసిన రాకపోకలు" అన్నచోట "లేవు" అని రాసి ఉంది. కింద మీ సంతకం. మీ చేతిరాత నాకు తెలుసు.

ఎందుకు రాశారు?

ఉమామహేశ్వర్


నాచారం,
9 డిసెంబర్ 2007

ఉమన్నా,

అన్నా అని పిలవవద్దంటే మానేస్తాను. ఈ ఒక్క ఉత్తరంలో పిలవనివ్వండి.

మీకు రాయనివి ఉన్నాయి. ఒక్కటీ దాచకుండా రాస్తాను.

సన్నటి మనిషిని వెతకమని మీరు రాశారు. నేను వెతకలేదు, ఆయన రోజూ నా ఎదురుగానే ఉన్నాడు. గోదాములో డ్రమ్ములు తూచే కాటా మీద నిలబెట్టాను. నలభై రెండు కేజీలు. "తాతా, నాకు సాయం చేస్తారా" అంటే, "ఏం జెయ్యాలె బిడ్డా" అన్నాడు. ఏడో జోనులో నడిపించాను. నెమ్మదిగా, అడుగు మీద అడుగేస్తూ. తర్వాత వంగి. తర్వాత మోకాళ్ళ మీద. "మస్తు పని బెడ్తున్నవ్ గదా" అని నవ్వుతూనే పాకాడు. మొదట గంట మోగలేదు. ఆయన అంత తేలిక. నేను కంట్రోల్ రూముకు పోయి గీత కొంచెం కిందికి దించాను. మళ్ళీ నడిపించాను. మళ్ళీ దించాను. ఆరు రోజుల్లో నలభై ఒక్కసారి. ఆఖరికి ప్రతిసారీ మోగింది. "నన్ను పట్టుకున్నదా?" అని అడిగేవాడు. పట్టుకుంది తాతా అంటే పిల్లవాడిలా సంతోషపడేవాడు.

ఏడో జోను గీత మీ నాన్నగారి అడుగుకు సరిపోయేలా పెట్టిందన్నా. దాన్ని అలా పెట్టింది నేను.

పరీక్షలు అయిపోయాక ఇక రావద్దు తాతా అన్నాను. గట్టిగా అనలేదు. "నువ్వున్నవ్ గదా. మోగితే రాజయ్య అని చెప్పు" అన్నాడు. నాలుగు వారాలు అలాగే చెప్పాను. గంట మోగేది, ఆపరేటర్ నా వైపు చూసేవాడు, నేను తలూపేదాన్ని, అతను గంట ఆపేసేవాడు.

నవంబర్ పన్నెండున అప్పగింత. ఆ షీటు నింపుతుంటే "తెలిసిన రాకపోకలు" దగ్గర పెన్ను ఆగింది. నిజం రాస్తే గోదాము వాళ్ళు సంతకం పెట్టరు, గోడకు సందు ఉంచి పనైపోయిందంటారేమిటని అడుగుతారు. విశ్వనాథం గారు బల్ల అవతల కూర్చుని, "లేవు అని రాసెయ్యమ్మా, తర్వాత చూద్దాం" అన్నారు. రాశాను. నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. ఏజెన్సీ వాళ్ళకు నోటితోనైనా చెప్పి ఉండవచ్చు. చెబితే షీటులో ఎందుకు రాయలేదంటారని చెప్పలేదు. తాత ఇంటికి వచ్చి రేపటినుంచి రావద్దని చెప్పి ఉండవచ్చు. రేపు వెళ్దామనుకున్నాను. మర్నాడు ఇంకో సైటు సర్వేకు అన్నోజిగూడ పంపారు. ఇక్కడ పాత గార్డులకు అదే ఆఖరి రోజు. ఆ మర్నాడు పద్నాలుగో తారీఖు.

పరీక్షల రికార్డు కంప్యూటర్లోంచి తీసేశారు. పాత గంటల రికార్డు కూడా లేదు. అడిగితే, అవసరం లేనివన్నీ తుడిచేశాం అన్నారు.

గల్లీ చివరిదాకా వచ్చాను. మీ అమ్మగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. అక్కడినుంచే వెనక్కి తిరిగాను.

చంద్రిక


చిల్కానగర్,
20 డిసెంబర్ 2007

చంద్రికా,

నీ ఉత్తరం అందిన రోజే చింపెయ్యబోయాను. తర్వాత పెట్టెలో పెట్టి తాళం వేశాను. పది రోజులైంది.

నేను కూడా నీకు ఒకటి రాయలేదు. అక్టోబరులో నాయిన ఫోనులో అడిగాడు. "గా తీగ మీద నడిస్తె నాకేమన్నైతదార కొడుకా?" అని. నేను నవ్వాను. "ఏం గాదు నాయినా. గంట కొడ్తది, గంతే. ఫికర్ జెయ్యకు" అన్నాను. ఇరవై ఏండ్లుగా తీగలు పాతుతున్నవాణ్ణి నేను. గంట మోగితే ఆ పక్కన తుపాకి ఉంటుందని నాకు తెలియదా? తెలుసు. ఎనుములు అమ్మేసి ఇంట్లో కూర్చోమంటే ఆయన నెల రోజుల్లో మంచం పడతాడని, పోనీలే అనుకున్నాను. నువ్వున్నావనే ధైర్యం కూడా ఒకటి.

ఇప్పుడు అసలు సంగతి. మేజిస్ట్రేటు విచారణ జనవరిలో. కంపెనీ తరఫున విశ్వనాథం మొన్న ఇంటికొచ్చాడు. సైటులో కేబుల్ చూసుకునే పర్మనెంటు ఉద్యోగం ఇస్తారట నాకు. నాయిన గోడ దూకాడని నేను ఒప్పుకుని సంతకం పెడితే చాలట. అమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి అతని ముందు పెట్టి, "తాగి పో" అన్నది.

వకీలు అంటాడు, నాయినకు అక్కడ రాకపోక ఉందని చెప్పే రుజువు ఒక్కటీ లేదని. పాత గార్డులు నోరు విప్పడం లేదు. రికార్డు లేదు. ఉన్నది ఒక్కటే, నీ ఉత్తరం.

ఇస్తే నీ ఉద్యోగం పోతుంది. నీ మీద కూడా కేసు పెట్టవచ్చని వకీలు అన్నాడు. అడగకుండా ఇచ్చే హక్కు నాకు ఉందనే అనుకుంటున్నాను. అయినా అడుగుతున్నాను. ఇవ్వాలా, వద్దా?

ఉమామహేశ్వర్


నాచారం,
23 డిసెంబర్ 2007

ఉమన్నా,

ఆ ఉత్తరం ఇవ్వవద్దు. అది మీకు రాసింది. దీన్ని ఇవ్వండి. నోటరీ దగ్గర సంతకం పెట్టాను.

"నా పేరు చంద్రిక, వయసు ఇరవై తొమ్మిది, నాచారం నివాసిని. సదరు గోదాము కేబుల్ పనికి ప్లానింగ్ ఇంజనీరును. మృతుడు రాజయ్య ప్రతిరోజూ ఉదయం ఏడు గంటలకు ఏడో జోను గుండా గడ్డి కోసం వచ్చేవాడని నాకు, మా మేనేజరుకు, గోదాము కంట్రోల్ రూము వారికి తెలుసు. ఆగస్టు ప్లానులో గేటు పెట్టాలని రాశాను, కొట్టివేశారు. ఆ కాగితం నకలు జతచేస్తున్నాను. అక్టోబరులో ఆరు రోజులు ఆయననే నడిపించి ఏడో జోను పరీక్షించాను. పరీక్షకు ఆయనను ఎంచుకున్నది నేనే, ఎవరి సలహా మీదా కాదు. అప్పగింత షీటులో 'లేవు' అని రాసింది నేనే. అది అబద్ధమని తెలిసే రాశాను. ఆయన దొంగ కాదు. చేతిలోనిది గడ్డి కోసే కొడవలి. ఇది ఎవరి బలవంతమూ లేకుండా ఇస్తున్న వాంగ్మూలం."

ఎర్ర పెన్ను గీతలున్న ఆ ప్లాను నకలు ఇన్నాళ్ళూ నా బీరువాలో దాచాను. అది ఉన్నట్టు కంపెనీకి తెలియదు. అమ్మకు అన్నీ చెప్పాను. ఈ పొద్దున నోటరీ దగ్గరికి తోడు వచ్చింది.

పిలిచిన రోజు వస్తాను.

చంద్రిక


చిల్కానగర్,
15 జూన్ 2008

చంద్రికమ్మకు,

రిపోర్టు వచ్చింది. విచారణ రోజు నువ్వు బోనులో మాట్లాడినంతసేపూ నేను నేల చూస్తూ కూర్చున్నాను, నీకు తెలిసే ఉంటుంది. నిన్ను కంపెనీ తీసేసిందని, మల్కాజిగిరిలో ఏదో కాలేజీలో పాఠాలు చెబుతున్నావని తారామణి విన్నది.

"దొంగ" అన్న మాట కొట్టేశారు. "అందరికీ తెలిసిన రాకపోక గల వృద్ధుడు" అని రాశారు. ఆ ముక్క వరకు నకలు తీయించి ఇంట్లో పెట్టాను. మిగతాది నువ్వు ఊహించగలవు. గోదాము వాళ్ళకు ఒక నోటీసు. విశ్వనాథాన్ని వేరే ఊరికి మార్చారు. గార్డు ఒక్కడే జైల్లో ఉన్నాడు. కోర్టు దగ్గర అతణ్ణి చూశాను. ఉద్యోగంలో చేరి రెండో రోజట. ఎవరూ ఏమీ చెప్పలేదని వచ్చీరాని తెలుగులో ఏడ్చాడు. అతణ్ణి కొట్టాలని పోయాను, చెయ్యి లేవలేదు. నాలా పక్క సందుకు సిమెంటు పెట్టేశారు.

నేను బార్మేర్ పోలేదు, ఇక పోను. తీగల పని మానేశాను. ఎనుములను నేనే చూసుకుంటున్నాను.

డిసెంబరులో నువ్వు నాకు రాసిన ఉత్తరం మొన్న అమ్మకు చదివి వినిపించాను. కాటా మీద నిలబెట్టింది, పాకించింది, షీటులో రాసింది, అన్నీ. అమ్మ మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. చివర, "దొంగ గాదని కాయితం మీద రాయించింది గద, గంతమటుకు మంచిదే. ఇంటికి మాత్రం రావద్దను" అన్నది.

నేనూ అదే చెబుతున్నాను. రావద్దు. ఎదురుపడినా పలకరించవద్దు. కోపం కాదు. సన్నటి మనిషిని వెతకమని నీకు రాసిన సంగతి ఉంది చూడు, అమ్మకు చదివేటప్పుడు ఆ ఒక్క వాక్యం వదిలేశాను. ఎవరి సలహా మీదా కాదని నువ్వు కోర్టులో చెప్పినప్పుడు ఊపిరి పీల్చుకున్నాను కూడా. నువ్వు మా గడప తొక్కితే అమ్మ నీ ముఖం చూస్తుంది, తర్వాత నా ముఖం చూస్తుంది.

ఉమామహేశ్వర్